జడ్జి హిల్టన్ ఎవరు? హిల్టన్ హోటళ్ళ తాతేనా?

ఆల్బనీ_అబ్బాయి
అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వచ్చారని పోయిన శనివారం న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న సారటోగా స్ప్రింగ్స్ ఊరికి తీసుకెళ్ళా. బ్రాడ్‌వే మీద నడుస్తుంటే పక్కన ఒక గైడు తన గుంపుకి చెబుతున్నాడు. ఇక్కడ గ్రాండ్ యూనియన్ అని 800కి పైగా గదుల హోటల్ ఉండేదట. 1877లో దాన్ని నడిపే జడ్జి హిల్టన్, జోసెఫ్ సెలిగ్మన్ అనే పెద్ద బ్యాంకరుకి యూదుడన్న కారణంతో గది ఇవ్వలేదట. ఇప్పుడు అదే వీధిలో హిల్టన్ వాళ్ళ హోటల్ ఉంది కదా, మామగారు బోర్డు చూసి "ఇదిగో, వీళ్ళ తాతే అయ్యుంటాడు" అని తేల్చేశారు. ఇంటికొచ్చేదాకా అదే మాట.
ఇద్దరూ ఒకటేనా? అసలు జడ్జికి హోటలేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి, మామగారికి చూపించాలి.

పుల్లట్టు
మామగారితో వాదించి గెలవడానికి థ్రెడ్ వేసిన మొదటి అల్లుడివి నువ్వే బ్రో.

చరిత్ర_చెట్టు
సంబంధం లేదు. హోటళ్ళ హిల్టన్ పేరు కాన్రాడ్. 1887లో న్యూమెక్సికోలో పుట్టాడు, తండ్రి నార్వే నుంచి వచ్చినవాడు, మొదటి హోటల్ కొన్నది 1919లో టెక్సస్‌లో. నీ జడ్జి పేరు హెన్రీ హిల్టన్. 1824లో న్యూయార్క్ రాష్ట్రం న్యూబర్గ్‌లో పుట్టాడు, 1899లో పోయాడు. ఇంటిపేరు ఒకటే, అంతే. మామగారు ఓడిపోయారు.

ఆల్బనీ_అబ్బాయి
@చరిత్ర_చెట్టు థాంక్స్ అండి. ఈ ఒక్క పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద పెడతా. మరి జడ్జికి హోటల్ ఎలా వచ్చింది?

చరిత్ర_చెట్టు
అదే అసలు కథ. హిల్టన్ లాయరు. టామనీ హాల్ (న్యూయార్క్ నగరంలో డెమోక్రాట్ పార్టీ ముఠా) రాజకీయాల మనిషి. 1858 నుంచి అయిదేళ్ళు న్యూయార్క్ కామన్ ప్లీస్ కోర్టులో జడ్జిగా చేశాడు, ఆ తర్వాత చచ్చేదాకా పేరు ముందు జడ్జి పోలేదు. మన దగ్గర ఒక్కసారి సర్పంచ్ అయితే జీవితాంతం సర్పంచ్ గారే కదా, అలాగ.
ఆయనకి కలిసొచ్చింది కోర్టు కాదు, ఒక క్లయింటు. అలెగ్జాండర్ టర్నీ స్టూవర్ట్. ఐర్లండ్ నుంచి వచ్చి బట్టల కొట్టు పెట్టి అమెరికాలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. న్యూయార్క్ నగరంలో బ్రాడ్‌వే మీద 10వ వీధి దగ్గర ఇనుప స్తంభాలతో కట్టిన ఆయన షాపు ఆ రోజుల్లో వింత. గ్రాండ్ యూనియన్ హోటల్ కూడా ఆయన కొన్నదే. 1876 ఏప్రిల్‌లో స్టూవర్ట్ పోయాడు, పిల్లల్లేరు. వీలునామాలో హిల్టన్‌కి 10 లక్షల డాలర్లు రాసి, ఎస్టేట్ వ్యవహారాలు చూసే పని కూడా ఆయనకే పెట్టాడు. ఆ తర్వాత భార్య కార్నీలియా వ్యాపారం మొత్తం హిల్టన్‌కి రాసిచ్చింది, బదులుగా ఆ 10 లక్షలు తీసుకుని.

కొత్తపేట_కిట్టు
అంటే ఆ పది లక్షలు ఈ జేబులోంచి ఆ జేబులోకి. కొట్టు ఫ్రీ!

లెక్కలమాస్టారు
అత్తసొమ్ము అల్లుడు దానం అంటారే, ఇక్కడ అల్లుడు కూడా కాదు, వకీలు.

నల్లకోటు
@కొత్తపేట_కిట్టు అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. ముప్పై ఏళ్ళుగా లాయరుగా ఉన్నా కాబట్టి చెబుతున్నా, పిల్లల్లేని ధనవంతుడి దగ్గర నమ్మకంగా ఉండే వకీలు పరిస్థితి ఎప్పుడూ కత్తి మీద సామే. బాగా నడిపితే "ఆయన చేసిందేముంది, అంతా స్టూవర్ట్ సంపాదించిందే" అంటారు. పాడుచేస్తే "తినేశాడు" అంటారు. బంధువులు కోర్టుకి వెళ్ళారు కూడా, 1886లో కార్నీలియా పోయాక. తప్పు చెయ్యలేదని అనట్లేదు. వీలునామాలో ఉన్న వాటా తీసుకోవడం నేరం కాదంటున్నా, అంతే.

గుంటూరు_ఘాటు
నల్లకోటు నల్లకోటునే వెనకేసుకొస్తుంది 😄

డైనో_డాడీ
ఆగండాగండి. హెన్రీ హిల్టన్ అంటే డైనోసార్లని పగలగొట్టించిన హిల్టనేనా??

పుల్లట్టు
థ్రెడ్ ఇప్పుడే పుంజుకుంది. చెప్పు గురూ.

డైనో_డాడీ
మా వాడికి ఆరేళ్ళు, ఇంట్లో డైనోసార్ తప్ప వేరే టాపిక్ లేదు. అలా చదవాల్సొచ్చింది.
లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో ఆ పాతకాలపు డైనోసార్ బొమ్మలున్నాయి కదా, వాటిని చేసినాయన బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్. 1868లో న్యూయార్క్ వాళ్ళు పిలిచి సెంట్రల్ పార్కులో పేలియోజోయిక్ మ్యూజియం అని పెడదాం, అమెరికాలో దొరికిన జంతువులతోనే బొమ్మలు చెయ్యమన్నారు. అదే ఏడాది ఈయన ఫిలడెల్ఫియాలో హాడ్రోసారస్ అస్థిపంజరాన్ని నిలబెట్టాడు. ప్రపంచంలో ఒక డైనోసార్ ఎముకల గూడుని నిలబెట్టి జనానికి చూపించడం అదే మొదలు. పార్కులో 63వ వీధి వైపు పునాదులు కూడా పడ్డాయి.
1870లో టామనీ హాల్ నాయకుడు బాస్ ట్వీడ్ మనుషుల చేతికి పార్కుల శాఖ వచ్చింది. అందులో మన హిల్టన్ ఒక కమిషనర్. ఆ ఏడాది చివర్లో ప్రాజెక్ట్ ఆపేశారు. 1871 మే 3న కొందరు వర్క్‌షాప్‌లోకి పోయి సుత్తులతో బొమ్మలూ అచ్చులూ ముక్కలు ముక్కలు చేశారు. మూడేళ్ళ పని. ఆ ముక్కల్ని పార్కులోనే పాతేశారంటారు.
ఇన్నాళ్ళూ అందరూ ట్వీడ్‌ని తిట్టారు. 2023లో బ్రిస్టల్ యూనివర్సిటీ నుంచి విక్కీ కూల్స్, మైకేల్ బెంటన్ పాత మినిట్స్, పేపర్లు అన్నీ తిరగేసి ట్వీడ్ కాదు, హిల్టన్ చేయించాడని రాశారు.

మామ్మగారి_మనవరాలు
అయ్యో పాపం. బొమ్మలేం చేశాయి ఆయన్ని?

డైనో_డాడీ
@మామ్మగారి_మనవరాలు అదే ఎవరికీ అర్థం కాదు మేడం. ఆయనకి రంగుల పిచ్చి కూడా ఉంది. పార్కులో కంచు విగ్రహానికి తెల్ల పెయింట్ వేయించాడు. మ్యూజియానికి వచ్చిన తిమింగలం ఎముకలకీ తెల్ల పెయింటే. మా వాడికి ఇది చెబితే "నాన్నా, ఎముకలు తెల్లగానే ఉంటాయి కదా" అన్నాడు. ఆరేళ్ళవాడికున్న ఇంగితం జడ్జిగారికి లేదు.

కొత్తపేట_కిట్టు
మన మున్సిపాలిటీలో చెట్లకి సున్నం కొట్టించే కమిషనర్ ఈయన పునర్జన్మే.

గుంటూరు_ఘాటు
పిచ్చోడి చేతిలో రాయి. ఇక్కడ సుత్తి.

చరిత్ర_చెట్టు
డైనో_డాడీ చెప్పింది హోటల్ గొడవకి నేరుగా తగులుతుంది. 1871 వేసవిలో ట్వీడ్ ముఠా దోపిడీ పేపర్లకెక్కింది. ముఠాని దించడానికి ఊరి పెద్దలు డెబ్భై మంది కమిటీ పెట్టారు. అందులో ఒక సభ్యుడు ఎవరో తెలుసా? జోసెఫ్ సెలిగ్మన్. ఎవరికైతే 1877లో గది లేదన్నారో, ఆయనే.

ఆల్బనీ_అబ్బాయి
ఓహో. అంటే పాత కక్షా? గైడు ఈ ముక్క చెప్పలేదు!

లెక్కలమాస్టారు
కక్ష అంటే సరిపోదు అబ్బాయ్. కక్ష ఉంటే ఆ ఒక్కణ్ణీ ఆపాలి. హిల్టన్ పెట్టిన రూలు యూదులందరికీ. సెలిగ్మన్ బవేరియాలో పుట్టి కుర్రతనంలో అమెరికా వచ్చాడు. అంతర్యుద్ధంలో లింకన్ ప్రభుత్వం బాండ్లు యూరప్‌లో అమ్మిపెట్టిన కుటుంబం. అధ్యక్షుడు గ్రాంట్‌కి స్నేహితుడు. అంతటివాడికే గది లేకపోతే మామూలు టోపీల వ్యాపారికి ఏముంటుంది? హిల్టన్ పేపర్లలో ఇంకో తిరకాసు మాట కూడా అన్నాడు: మంచి హీబ్రూలు (యూదులకే ఇంకో పేరు) వేరు, సెలిగ్మన్ లాంటి యూదులు వేరు, నేను ఆపుతున్నది ఈ రెండో రకాన్నట. "నాకు వాళ్ళలో ఫ్రెండ్స్ ఉన్నారు గానీ..." అని మొదలుపెట్టేవాళ్ళు మనకి కొత్తేం కాదు.

చరిత్ర_చెట్టు
మాస్టారు అన్నది నిజమే. కక్ష నిప్పు పెట్టి ఉండొచ్చు గానీ మండింది వేరే. హిల్టన్ బయటికి చెప్పిన కారణం మాత్రం వ్యాపారం: యూదులు ఎక్కువైతే మిగతా గెస్టులు రావడం మానేస్తున్నారు, నా హోటల్, నా ఇష్టం అని. సెలిగ్మన్ కుటుంబం అంతకుముందు ఎన్నో వేసవులు అక్కడే గడిపింది. కౌంటర్ దగ్గర నిలబెట్టి వెనక్కి పంపారా, ముందే కబురు అందిందా అనేదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. 1877 జూన్‌లో పేపర్లలో మాత్రం పతాక శీర్షిక.

పుల్లట్టు
సైడ్ నోట్: ఆలూ చిప్స్ పుట్టింది సారటోగాలోనే. కస్టమర్ ముక్కలు లావుగా ఉన్నాయని వెనక్కి పంపితే వంటవాడు కోపంతో కాగితంలా తరిగి వేయించాడు.

చరిత్ర_చెట్టు
@పుల్లట్టు కథ బాగుంది కానీ చిప్స్ అంతకు చాలా ముందే ఇంగ్లండ్ వంట పుస్తకంలో ఉన్నాయి.

పుల్లట్టు
చెట్టు గారూ, ఒక్క సంతోషమైనా మిగల్చండి సార్.

విజయవాడ_రిసెప్షన్
చదువుతుంటే నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో మూడేళ్ళు కౌంటర్‌లో కూర్చున్నా, పేరొద్దు. ఓనరు రూలు: లోకల్ ఆధార్ ఉంటే రూమ్ ఇవ్వొద్దు. ఒక రాత్రి పదకొండింటికి ముసలాయన వచ్చాడు, చేతిలో హాస్పిటల్ కవరు, భార్య పక్క హాస్పిటల్‌లో ఐసీయూలో ఉంది. ఆధార్ మీద విజయవాడ అడ్రస్. ఇల్లు ఊరి చివర, ఆ టైములో ఆటో లేదు. నేను ఓనరుకి ఫోన్ చేశా. "రూలంటే రూలు" అని పెట్టేశాడు. ఆయన నన్నేమీ అనలేదు. కవరు సర్దుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. తెల్లారి నేను డ్యూటీ దిగేటప్పుడూ అక్కడే ఉన్నాడు.
గ్రాండ్ యూనియన్ మేనేజరు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. రూలు పెట్టేవాడు న్యూయార్క్‌లో ఉంటాడు. మొహం చూసి చెప్పేది కౌంటర్‌లో ఉన్నవాడు.

మామ్మగారి_మనవరాలు
@విజయవాడ_రిసెప్షన్ 😞 మీ తప్పు కాదండి.

విజయవాడ_రిసెప్షన్
@మామ్మగారి_మనవరాలు తాళం చెవి నా దగ్గరే ఉంది మేడం. ఇచ్చి ఉండొచ్చు.

నల్లకోటు
చట్టం ఏం చెబుతుందో కూడా చూద్దాం. ఇంగ్లిష్ కామన్ లా ప్రకారం సత్రం నడిపేవాడు, గది ఖాళీ ఉండి, డబ్బు కట్టగలిగి, పద్ధతిగా వచ్చిన ప్రయాణికుణ్ణి కాదనకూడదు. ఇది చాలా పాత సూత్రం, మాజీ జడ్జికి తెలీదంటే నమ్మను. దానికి తోడు 1875లో అమెరికా కాంగ్రెస్ పౌరహక్కుల చట్టం చేసింది, హోటళ్ళూ రైళ్ళూ నాటకశాలలూ అందరికీ తెరిచి ఉండాలని. కానీ అందులో రాసింది జాతి, రంగు అని. మతం అని లేదు. ఆ సందులోంచి వాదించొచ్చు. చివరికి 1883లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది.
సెలిగ్మన్ కోర్టుకి పోలేదు, పేపర్లకి పోయాడు. క్లయింటుగా వచ్చి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.

గుంటూరు_ఘాటు
ఫీజు పోగొట్టుకుని మరీ? నమ్మం సార్.

కొత్తపేట_కిట్టు
తర్వాత ఏమైంది? హిల్టన్‌కి దెబ్బ పడిందా లేదా, అది చెప్పండి ముందు.

లెక్కలమాస్టారు
పడింది, కానీ హోటల్ మీద కాదు, బట్టల కొట్టు మీద. స్టూవర్ట్ కంపెనీకి హోల్‌సేల్ వ్యాపారం పెద్దది. దాని దగ్గర సరుకు కొనేవాళ్ళలో యూదు వ్యాపారులు చాలామంది. వాళ్ళు కొనడం మానేశారు. సారటోగాలో గది వద్దన్నందుకు మన్‌హటన్‌లో అరలు ఖాళీ అవ్వలేదు! హిల్టన్‌కి కాక తగిలి 1878 చివర్లో యూదు ధర్మసంస్థలకి 1,000 డాలర్లు ఇస్తానని ముందుకొచ్చాడు. తీసుకోవద్దని పక్ అనే హాస్య పత్రిక కార్టూన్లతో ఆటాడుకుంది. 1882లో కంపెనీ మూసేస్తున్నట్టు ప్రకటించాడు. తర్వాత వేర్వేరు పేర్లతో నడిచింది, చివరి పేరు హిల్టన్, హ్యూస్ అండ్ కంపెనీ. అదీ 1896లో మునిగింది, బిల్డింగ్‌ని జాన్ వానమేకర్ కొన్నాడు.

డైనో_డాడీ
డైనోసార్లు, కొట్టు, ఇప్పుడు హోటల్ పరువు. ఈయనది భస్మాసుర హస్తం.

మామ్మగారి_మనవరాలు
ఆడవాళ్ళ హోటల్ సంగతి ఎవరూ ఎత్తలేదే! స్టూవర్ట్ బతికుండగానే పనిచేసుకునే ఆడపిల్లల కోసం పార్క్ అవెన్యూలో 32వ, 33వ వీధుల మధ్య పెద్ద హాస్టల్ లాంటిది కట్టించడం మొదలుపెట్టాడు. పూర్తిచేసి 1878 ఏప్రిల్‌లో తెరిచింది హిల్టన్. రెండు నెలలు తిరక్కుండానే మూసేశాడు. పిల్లలు రాలేదు, ఆడవాళ్ళకి ఇలాంటివి నచ్చవు అన్నాడట.
ఎలా నచ్చుతాయి? కుట్టు మిషన్ గదిలో పెట్టుకోకూడదు. వచ్చేవాళ్ళలో సగం మందికి తిండి పెట్టేది ఆ మిషనే కదా! పెంపుడు పిట్టలు వద్దు, సొంత సామాను వద్దు, మగ చుట్టాలు గదికి రాకూడదు, రాత్రి గేటు వేసేస్తారు. పైగా మామూలు జీతానికి అందని రేటు. నేను అమీర్‌పేటలో ఒక హాస్టల్లో నాలుగేళ్ళున్నా. మాకు హీటర్ పెట్టుకుంటే ఫైను, తడిబట్టలు వరండాలో ఆరేస్తే ఫైను, నాన్న వచ్చినా గేటు దగ్గరే నిలబడాలి. ఆ రూల్స్ లిస్టు చదివితే మా వార్డెన్ రాసిందే అనుకున్నా.

పుల్లట్టు
మూసేసి ఏం చేశాడు?

మామ్మగారి_మనవరాలు
మామూలు హోటల్‌గా మార్చేశాడు. పార్క్ అవెన్యూ హోటల్. అప్పుడు బాగానే నడిచింది. అదేం విచిత్రమో!

నల్లకోటు
నా వాదన ఇదీ: అన్నీ ఒకడి నెత్తిన రుద్దడం సుఖంగా ఉంటుంది గానీ నిజం కాదు. మెట్రోపాలిటన్ మ్యూజియంలో మేసోనియే వేసిన నెపోలియన్ పటం ఉంది, 1807 ఫ్రీడ్‌లాండ్ యుద్ధం మీద. స్టూవర్ట్ కొన్న పటం. 1887లో ఆయన సేకరణ వేలానికొస్తే హిల్టన్ సొంత డబ్బుతో కొని మ్యూజియానికి ఇచ్చాడు. మనిషి అంటే ఒకటే ముక్క కాదు.

గుంటూరు_ఘాటు
ఆ పటానికి తెల్ల పెయింట్ వెయ్యనందుకు సంతోషం.

లెక్కలమాస్టారు
@నల్లకోటు పటం ఇచ్చినందుకు మార్కులు వేద్దాం, పది మార్కుల ప్రశ్నకి అర మార్కు. కానీ మీరన్నదాంట్లో ఒకటి ఒప్పుకుంటా. కొట్టు మునిగింది కాబట్టి పాపం పండిందని మనం చప్పట్లు కొడుతున్నాం. అవతల ఏం జరిగిందో చూడండి. హోటల్ మాత్రం దివ్యంగా నడిచింది. రెండేళ్ళకే, 1879లో, ఆస్టిన్ కార్బిన్ అనే రైల్వే ఆసామి కోనీ ఐలండ్‌లో తన మన్‌హటన్ బీచ్‌కి యూదులు రావద్దని ప్రకటించాడు. ఆ తర్వాత ఎన్నో రిసార్టులు అదే బాట. ప్రకటనల్లోనే నిర్భయంగా వేసుకునేవాళ్ళు. న్యూయార్క్ రాష్ట్రం అలాంటి ప్రకటనల్ని నిషేధిస్తూ చట్టం చేసింది 1913లో. అంటే 36 ఏళ్ళు. సెలిగ్మన్ 1880లోనే పోయాడు.

ఆల్బనీ_అబ్బాయి
బాయ్‌కాట్ పనిచేసిందా లేదా మరి?

లెక్కలమాస్టారు
కొట్టు మీద పనిచేసింది. బోర్డు మీద పనిచెయ్యలేదు.

కొత్తపేట_కిట్టు
బోర్డు అంటే గుర్తొచ్చింది. మా తాత చిన్నప్పుడు మా ఊరి టీ కొట్టులో బోర్డు కూడా ఉండేది కాదట. మాకు గ్లాసు వేరు, తాటాకు పందిరి చూరులో గుచ్చి ఉండేది. తాగి, మనమే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆ కొట్టాయన మంచోడే అని కూడా అంటాడు తాత, అప్పు ఇచ్చేవాడట.

విజయవాడ_రిసెప్షన్
@కొత్తపేట_కిట్టు ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను భయ్యా.

పుల్లట్టు
నేను పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఇల్లు వెతికా. ఫోన్లో "రండి రండి" అన్నాయన గుమ్మం దగ్గర ఇంటిపేరు అడిగాడు, తర్వాత "నాన్‌వెజ్ తింటారా" అన్నాడు, తర్వాత "మా చెల్లెలు వాళ్ళు దిగుతారేమో" అన్నాడు. ఆ చెల్లెలు ఇంకా దిగలేదు, టులెట్ బోర్డు అలాగే వేలాడుతోంది. దాని కింద రోజూ బండి పార్క్ చేస్తున్నా.

గుంటూరు_ఘాటు
అది ప్రతీకారం. సెలిగ్మన్ లెవెల్.

డైనో_డాడీ
స్టూవర్ట్ శవం ఎత్తుకుపోయిన సంగతి ఎవరికైనా తెలుసా? నిన్న రాత్రి చదివా, నిద్ర పట్టలేదు.

మామ్మగారి_మనవరాలు
ఏంటీ??

చరిత్ర_చెట్టు
నిజమే. 1878 నవంబరులో సెయింట్ మార్క్స్ చర్చి సమాధుల్లోంచి స్టూవర్ట్ శవాన్ని దొంగిలించారు. హిల్టన్ 25,000 డాలర్ల బహుమతి ప్రకటించాడు, దొంగలు మాత్రం రెండు లక్షలు అడిగారు. హిల్టన్ ససేమిరా అన్నాడు. చివరికి కార్నీలియా 20,000 ఇచ్చి తెప్పించుకుందని చెబుతారు గానీ, వచ్చింది ఆయన ఎముకలేనా అన్నదానికి రుజువు లేదు. లాంగ్ ఐలండ్‌లో గార్డెన్ సిటీ కెథడ్రల్ ఆయన జ్ఞాపకంగా కట్టిందే.

కొత్తపేట_కిట్టు
లాయరుకి పది లక్షలు, సొంత శవానికి ఇరవై వేలు. స్టూవర్ట్ గారు పైనుంచి చూసి ఏమనుకున్నారో.

నల్లకోటు
దొంగలకి డబ్బిస్తే రేపు ఇంకో సమాధి తవ్వుతారు. ఈ ఒక్క విషయంలో హిల్టన్‌దే కరెక్ట్, ఎవరేమనుకున్నా సరే.

ఆల్బనీ_అబ్బాయి
మామగారికి మొత్తం చదివి వినిపించా. హిల్టన్ తాత కాదని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, "ఆ హోటల్ స్థలంలో ఇప్పుడేముంది" అన్నారు.

చరిత్ర_చెట్టు
1950ల మొదట్లో పడగొట్టారు. ఆ చోట సూపర్ మార్కెట్ వచ్చింది. దాని పేరు కూడా గ్రాండ్ యూనియనే, ఆ పేరుతో సూపర్ మార్కెట్ల చైన్ ఉండేది. హిల్టన్ సొంత ఎస్టేట్ వుడ్‌లాన్ ఉందే, ఊరి ఉత్తరాన, అక్కడ ఇప్పుడు స్కిడ్‌మోర్ కాలేజీ.

గుంటూరు_ఘాటు
అంటే హిల్టన్ హోటల్ హిల్టన్‌ది కాదు, గ్రాండ్ యూనియన్ సూపర్ మార్కెట్ గ్రాండ్ యూనియన్‌ది కాదు. ఆ ఊళ్ళో నీళ్ళైనా నీళ్ళేనా?

ఆల్బనీ_అబ్బాయి
@గుంటూరు_ఘాటు అదీ డౌటే. హేథోర్న్ బుగ్గ దగ్గర పేపర్ కప్పు పట్టా. ఉప్పు సోడాలో తుప్పు మేకు రాత్రంతా నానబెట్టినట్టుంది. అత్తగారు ఒక గుక్క తాగి మర్యాదగా మింగారు. మామగారు మూడు కప్పులు తాగి "ఒంటికి మంచిది" అని బాటిల్ కూడా నింపించుకున్నారు. ఇప్పుడు ఆ బాటిల్ మా ఫ్రిజ్‌లో ఉంది. ఎవరికైనా కావాలా?

పుల్లట్టు
పోస్టల్ చార్జీలు మామగారివే అయితే పంపు.